నాలుగు రబ్బరు ముక్కలు

మేడ మీద వాటాలో నేల చెక్కది. పాతకాలపు పలకలు, దూలాల మీద పరిచి మేకులు కొట్టినవి. ఈ మూల పిల్లి గెంతితే ఆ మూల అలమరలో గ్లాసులు గలగలలాడేవి. అలాంటి ఇంట్లో రికార్డ్ ప్లేయరు పెట్టుకోవాలని మేస్త్రికి ఎందుకు బుద్ధి పుట్టిందో ఆయనకే తెలియాలి.

వీధిలో అందరూ ఆయన్ని మోటారు మేస్త్రి అంటారు. నీళ్ళ మోటార్లు బాగుచేసే షెడ్డు ఆయనది. పగలంతా గ్రీజులో మునిగి తేలి, సాయంత్రం మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, కుర్చీలో చేరగిలబడి ఫిడేలు రికార్డు వినడం ఒక్కటే ఆయనకున్న సరదా. పాత సామాన్లు అమ్మే చోట ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నాడు. ప్లేయరు, యాంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, నడుమెత్తు స్పీకర్లు రెండు. ఆ స్పీకర్లు రెండూ ఆ ఒక్క కుర్చీ వైపే మొహం తిప్పుకుని ఉండేవి. మిగతావన్నీ ఒకదాని నెత్తిన ఒకటి, పాత టీపాయ్ మీద. టీపాయ్‌కి ఒక కాలు పొట్టి. దాని కింద మడత పెట్టిన అట్టముక్క. ఆ అట్టముక్కతోటే ఏళ్ళు గడిచిపోయాయి.

ఇక ఆయన భార్య సంగతి. ఆవిడ వస్తుంటే మనిషి కంటే ముందు మడమలు వచ్చేవి. కాపురానికి వచ్చిన కొత్తలో, "నువ్వు నడుస్తున్నావా, పునాది తవ్వుతున్నావా?" అని మేస్త్రి ఏడిపించేవాడు. "ఇల్లు గట్టిదో కాదో చూసుకుంటున్నాను మేస్త్రిగారూ" అని ఆవిడ ఇంకాస్త గట్టిగా నడిచి చూపించేది. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు.

ప్లేయరు వచ్చాక ఆ నవ్వు కాస్త తగ్గింది. రికార్డు గాడిలో ముల్లు నడుస్తున్నంతసేపు నేల మీద మనిషి నడవకూడదు, ఆ ఇంట్లో లెక్క అది. ఆవిడ వంటింట్లోంచి బాల్కనీకి వెళ్తే అడుగడుక్కీ ముల్లు ఎగిరేది. మేస్త్రి కేకలు వేసే మనిషి కాదు. వెనక్కి తిరిగి చూసేవాడు కూడా కాదు. నాలుకతో "చ్" అనేవాడు. "మెల్లగా" అనేవాడు. అంతే.

ఆ ఒక్క మాటకే ఆవిడ నడక మారిపోయింది. మొదట్లో పాట ఉన్నంతసేపే మునివేళ్ళ మీద నడిచేది. తర్వాత తర్వాత అలవాటైపోయి పాట లేనప్పుడూ అలాగే నడిచేది. రాత్రి అయ్యేసరికి పిక్కలు పట్టేసేవి. మంచం అంచున కూర్చుని కర్పూరం కలిపిన నూనె రాసుకుంటూ, "సొంత ఇంట్లో దొంగలా తిరుగుతున్నానయ్యా" అని నవ్వేది. నవ్వుతూనే అడిగేది.

"ఊళ్ళో అందరి మోటార్ల కిందా రబ్బరు ముక్కలు పెడతావు, అదరకుండా. నీ పెట్టెల కింద పెట్టలేవూ? మంచి బరువైన స్టాండు ఒకటి కట్టు. హాయిగా మడమలు ఆనించి నడుస్తాను."

"ఈ ఆదివారం కడతాలే."

"ఏ ఆదివారం?"

"ఈ వచ్చేదే."

"కట్టాక ఒక్క సాయంత్రం ఆ కుర్చీ నాకివ్వాలి మరి. ఇన్నేళ్ళూ అటూ ఇటూ తిరుగుతూ విన్నదే గానీ, కూర్చుని మొదట్నుంచి చివరిదాకా విన్నది ఒక్కటీ లేదు."

"నువ్వు? కూర్చుంటావా? కాలు ఒకచోట నిలుస్తుందా నీకు?" అని ఆయన వేళాకోళం చేసేవాడు. ఆదివారాలు వచ్చేవి. పోయేవి.

ఆవిడ పోయిన సాయంత్రం కూడా ఫిడేలే మోగుతోంది. రికార్డు సగంలో ఉండగా ముల్లు ఎగిరింది. రోజూ ఎగిరినట్టు కాదు, కర్రుమంటూ గాళ్ళు దాటి, రికార్డు మీద గీత పడేలా ఎగిరింది. మేస్త్రి "చ్" అన్నాడు. "మెల్లగా" అన్నాడు. ముల్లు తీసి మళ్ళీ గాడిలో పెట్టాడు. కింద వాటా మామ్మ చేతికర్రతో తన ఇంటి పైకప్పును పొడిచింది. సౌండు ఎక్కువైనప్పుడల్లా అలా పొడవడం ఆవిడకి మామూలే. ఆయన సౌండు కాస్త తగ్గించాడు. మామ్మ మళ్ళీ పొడిచింది. ఇంకాస్త తగ్గించాడు. ఆ వైపు పూర్తయ్యాక రికార్డు తిరగెయ్యడానికి లేచి, అప్పుడు వెనక్కి చూశాడు.

ఆవిడ వంటింటి గడప మీద పడి ఉంది. ఒక చెయ్యి కుర్చీ వైపు చాచి ఉంది.

డాక్టరు వచ్చి గుండె అన్నాడు. "ఇంకాస్త ముందు చూసి ఉంటే..." అని మొదలుపెట్టి, మేస్త్రి మొహం చూసి మిగతా మాట మింగేశాడు. ఆయన మింగేసిన ఆ మాట మేస్త్రి గొంతులో అడ్డం పడింది. అన్నం తిన్నా, నీళ్ళు తాగినా అది దిగలేదు.

చాలా రోజులు ప్లేయరు జోలికి పోలేదు. ఆవిడ చెల్లెలు పక్క వీధిలోనే ఉంటుంది. అచ్చం అక్క నడకే ఆమెదీ, మెట్లెక్కుతుంటేనే తెలిసిపోతుంది. రోజు విడిచి రోజు వచ్చి ఇల్లు సర్దిపెట్టేది. అక్క బట్టలన్నీ మూట కట్టింది. గుమ్మం పక్కనున్న నీలం రబ్బరు చెప్పులు కూడా మూటలో వెయ్యబోతే మేస్త్రి ఆపాడు.

"అవి ఉండనీ చిట్టీ."

"చూసినప్పుడల్లా నీకే కదా బావా బాధ?"

"ఉండనీ."

ఆయన నల్ల చెప్పుల పక్కన ఆ నీలం చెప్పులు అలాగే ఉండిపోయాయి. చిట్టి వెళ్తూ వెళ్తూ ప్లేయరు మూత మీద వేలితో గీసి చూసింది. "దుమ్ము కొట్టుకుపోతోంది. ఎప్పుడైనా పెట్టుకో బావా. వినడం మానేస్తే అక్కేమైనా తిరిగొస్తుందా?"

ఆ సాయంత్రమే ఆయన రికార్డు పెట్టాడు.

కాసేపు బాగానే సాగింది. తర్వాత ముల్లు ఎగిరింది. వీధిలో లారీ ఏదైనా వెళ్ళిందేమో అనుకున్నాడు. మళ్ళీ ఎగిరింది. ఇంకోసారి. ఇంకోసారి. చెవికి ఏ చప్పుడూ లేదు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. కానీ ముల్లుకి ఏదో వినిపిస్తోంది. సమంగా, తాపీగా, బరువుగా... బాల్కనీ వైపు ఎగిరి, వంటింటి వైపు ఎగిరి...

ఆ అడుగుల లెక్క ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళు "చ్" అన్నది ఆ లెక్కకే. పైగా ఇవి మునివేళ్ళ అడుగులు కావు. కొత్తగా కాపురానికి వచ్చినప్పటి అడుగులు, మడమలు మోపి నడిచేవి. కర్పూరం నూనె వాసన గుప్పుమంది.

నిజం చెప్పాలంటే మేస్త్రి భయపడలేదు. మొహం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నడువు, నీ ఇష్టమొచ్చినట్టు నడువు" అన్నాడు. ఆ సుఖం ఎంతోసేపు మిగల్లేదు. రికార్డు సగానికి రాగానే కర్రుమంటూ ముల్లు పక్కకి ఈడ్చుకుపోయింది. ఆ గీత పడ్డ చోటే. ఆయన గిరుక్కున తిరిగాడు. గడప మీద ఎవరూ లేరు. ఆ తర్వాత ముల్లు ఎగరనే లేదు.

అప్పట్నుంచీ రోజూ అంతే. సాయంత్రం రికార్డు పెడతాడు. ఆవిడ నడుస్తుంది. గడప దగ్గరికి రాగానే పడిపోతుంది. అక్కణ్ణుంచి కుర్చీకి మంచం పొడవంత దూరం కూడా లేదు. ఆ దూరం ఆవిడ ఒక్కరోజూ దాటలేదు. రోజూ చూస్తూనే ఉన్నాడు, రోజూ చేతులు చాస్తూనే ఉన్నాడు, రోజూ ఆవిడ ఆయన కళ్ళ ముందే ఇంకోసారి పోతోంది.

ఒకరోజు మెట్ల దగ్గర మామ్మ ఆపింది. "నాయనా, మీ ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా? సాయంత్రాలు ఎవరో నడుస్తున్నారు."

"ఎలా నడుస్తున్నారు మామ్మా?"

"మీ ఆవిడ కొత్తలో నడిచేదే, అలా. ఆ నడకకేం, బాగానే ఉంది. ఆఖర్న దబ్బున పడుతున్నారు చూడు... ఆ చప్పుడు మాత్రం వినలేకపోతున్నాను." మామ్మ గొంతు తగ్గించింది. "ఆ రోజు కూడా అదే చప్పుడు విని కర్రతో పొడిచాను నాయనా. నీకు వినపడలేదు కాబోలు."

మేస్త్రి మెట్ల కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ నిలబడ్డ చోటే ఆయనకి స్టాండు గుర్తుకొచ్చింది. ఆవిడ అడిగింది రెండే. మడమలు ఆనించి నడవడం, ఒక్క సాయంత్రం ఆ కుర్చీలో కూర్చోవడం. స్టాండు కట్టి పెట్టనందుకే గడప దాటలేకపోతోందని ఆయనకి తోచింది. కట్టేస్తే దాటుతుంది. కుర్చీ దాకా వస్తుంది. అంతకంటే ఆయనకి ఇంకేం అక్కర్లేదు.

మర్నాడు ఆదివారం.

షెడ్డు నుంచి చదరపు ఇనుప గొట్టాల చట్రం తెచ్చాడు. ముందురోజే కొలత పెట్టి కోసి, మూలలు వెల్డింగు చేసి, అతుకులు ఆకురాయితో అరగదీసి ఉంచాడు. మూడు అరలకి మూడు మందపాటి చెక్కలు. వాటి అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, అరచేత్తో తడిమి చూసుకుని, మళ్ళీ రుద్దాడు. ఖాళీ గొట్టం గంటలా మోగుతుంది, లోపల ఇసుక పోస్తే మూగబోతుంది. అందుకని ఇసుక జల్లించి, తడి లేకుండా పెనం మీద వేయించి, కాళ్ళ గొట్టాల్లో పోసి, కర్రతో కూరి, కొసలకి ప్లాస్టిక్ మూతలు బిగించాడు. వేలి కణుపుతో కొట్టి చూశాడు. "టప్" అంది, అంతే. ఇంత మంచి పని జీవితంలో ఎవరికీ చెయ్యలేదు. ఎవరి కోసం కట్టాలో వాళ్ళు లేనప్పుడు కట్టాడు, అదీ ఆయన తెలివి.

ఇక రబ్బరు ముక్కలు మిగిలాయి. షెడ్డులోవి మోటార్ల బరువుకి తగినవి, బండరాళ్ళలా గట్టివి. ఆ తేలికపాటి సామానుకి అవి పనికిరావు. మెత్తటివి కావాలి. ఆదివారం, దుకాణాలు మూసి ఉన్నాయి. ఆయన చూపు గుమ్మం వైపు పోయింది.

నీలం చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళ దగ్గర అరిగి కాగితంలా పలచబడ్డాయి. మడమల దగ్గర మాత్రం నిన్న కొన్నట్టున్నాయి. మందంగా, మెత్తగా, ఒక్క గీత కూడా లేకుండా. ఇన్నేళ్ళు వేసుకున్న చెప్పులకి మడమ ఆనలేదు. ఆ సంగతి కంటికి కనిపించేసరికి ఆయన బొటనవేలితో ఆ మడమల్ని తడిమి చూశాడు.

తర్వాత కత్తి తీశాడు. రబ్బరు ముక్క వెయ్యమని అడిగింది తనే కదా, తన చెప్పులే అయితే ఇంకా మురిసిపోతుంది, అనుకున్నాడు. ప్రేమగానే కోశాడు. ఒక్కో మడమకి రెండేసి, నాలుగు ముక్కలు. నాలుగు కాళ్ళ కింద పెట్టి, రసమట్టం పెట్టి చూశాడు. గాజు గొట్టంలో బుడగ నట్టనడుమ నిలిచింది.

పొద్దు వాలుతుండగా సామానంతా ఎక్కించి రికార్డు పెట్టాడు. లేచి నేల మీద ధనధనా నడిచాడు. గెంతాడు. గ్లాసులు గలగలలాడాయి, ముల్లు కదల్లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీలో కూర్చుని వంటింటి వైపు తిరిగాడు.

"అయిపోయింది. చూడు, ఎంత బాగా వచ్చిందో. ఇంక నడువు. గట్టిగా నడువు."

ఫిడేలు సాగుతోంది. ముల్లు నిలకడగా ఉంది. గీత పడ్డ చోటు వచ్చింది. చిన్న టిక్కుమన్న చప్పుడు, ముల్లు దాటేసి ముందుకు పోయింది. పడటం లేదు. ఆయన చేతులు జోడించాడు. ఇంకాసేపు కనిపెట్టుకుని కూర్చున్నాడు. కర్పూరం వాసన లేదు. ఏదీ లేదు.

అప్పుడు తట్టింది. పోయాక ఆవిడ అడుగులు తనకెప్పుడూ చెవికి వినిపించలేదు. ముల్లు చెబితేనే తెలిసింది. ఆ ముల్లు నోరు తన చేతులతోనే మూసేశాడు. ఇప్పుడు ఆవిడ ఈ గదిలో నడుస్తున్నా, పడుతున్నా, పిలుస్తున్నా... తెలిసే దారి లేదు.

సరిగ్గా అప్పుడే కింద నుంచి కర్ర చప్పుడు. టక్. టక్. టక్.

మేస్త్రి ఈసారి సౌండు తగ్గించలేదు. పాట మోగుతుండగానే, కాళ్ళకి చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాడు.

మామ్మ గదిలో దీపం లేదు. మంచం మీద కూర్చుని, కర్ర పట్టుకుని, పైకి చూస్తోంది. ఆయన్ని చూసి బిగుసుకుపోయింది.

"నువ్వు ఇక్కడున్నావు," అంది గుసగుసగా. "మరి పైన ఎవరు నాయనా?"

"ఏం వినిపిస్తోంది?"

"నువ్వే విను."

పలకల్లోంచి ఫిడేలు సన్నగా దిగుతోంది. దాని అడుగున ఇంకో చప్పుడు...

స్స్... స్స్...

కాలెత్తి వేసే చప్పుడు కాదు. వేళ్ళతో నేలని గీరుకుంటూ, ఒంటి బరువంతా వేళ్ళ మీదే మోస్తూ, తూలుతూ... వంటింటి వైపు నుంచి...

"నిన్నటిదాకా బాగానే నడిచింది," అంది మామ్మ. "ఇవాళ ఏమైంది పిల్లకి? దాని కాళ్ళకి ఎవరేం చేశారు?"

ఆ చప్పుడు వాళ్ళ నెత్తి మీదికి వచ్చింది. ఆగింది. మళ్ళీ కదిలింది. స్స్... స్స్... స్టాండు ఉన్న మూలకి వెళ్ళింది.

నిశ్శబ్దం.

తర్వాత గోళ్ళు. ఇనుము మీద గోళ్ళు. ఏదో లాగుతున్నట్టు... రాక, మళ్ళీ లాగుతున్నట్టు...

పలకల సందుల్లోంచి సన్నటి ధార ఒకటి రాలింది. మామ్మ తెల్లజుట్టు మీద, దుప్పటి మీద. మేస్త్రి అరచెయ్యి చాచి పట్టాడు. ఇసుక. పొద్దున వేయించిన ఇసుక. ఇంకా వెచ్చగానే ఉంది.

పైకి ఎలా వచ్చాడో తెలియదు. గదిలో ఎవరూ లేరు. రికార్డు అయిపోయి, ముల్లు ఆఖరి గాడిలో తిరుగుతోంది. స్టాండు ఒక కాలి మూత ఊడి, ఇసుక నేలంతా పరుచుకుంది. ఇసుకలో పాదాల గుర్తులు. స్టాండు నుంచి వంటింటి దాకా. అన్నీ వేళ్ళే. ఐదేసి వేళ్ళు, వాటి వెనక కాస్త ముందుపాదం, అంతే. ఒక్కదానికీ మడమ లేదు.

మేస్త్రి ఆ ఇసుకలోనే కూలిపోయాడు. బతికినన్నాళ్ళూ ఆవిడ మడమల్ని మాటతో కోశాడు. పోయాక ఎలాగో తిరిగి తెచ్చుకుంటే, కత్తితో కోసి తన పెట్టెల కింద పెట్టుకున్నాడు. "క్షమించు" అనడానికి కూడా మొహం చెల్లలేదు. స్టాండు ఎత్తి ఆ నాలుగు ముక్కలూ తీసి, గుండెకి హత్తుకుని, తెల్లవార్లూ అలాగే ఉండిపోయాడు.

పొద్దున్నే తన నల్ల చెప్పులు తొడుక్కుని వెళ్ళి, పంక్చర్లు వేసే సొల్యూషన్ కొనుక్కొచ్చాడు. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, కూర్చుని, నీలం ముక్కల్ని ఎక్కడివక్కడ అతికించాడు. అతుకు కనిపించకుండా గంటల తరబడి వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. ఊడిన మూత బిగించి, స్టాండుని వట్టి ఇనుప కాళ్ళతో నేల మీదే నిలబెట్టాడు. నీలం చెప్పుల్ని వంటింటి గడప అవతల, కుర్చీ వైపు తిప్పి పెట్టాడు.

సాయంత్రం రికార్డు పెట్టి, ఆయన కుర్చీలో కూర్చోలేదు. గడప ఇవతల ఆవిడకి ఎదురుగా నిలబడ్డాడు. ఆ రోజు తిరగని మనిషి ఇవాళ ముందే తిరిగి నిలబడ్డాడు.

వీపు వెనక ముల్లు ఎగిరింది. మళ్ళీ. మళ్ళీ. బరువుగా, సమంగా. కర్పూరం నూనె వాసన. ఆయన ఏడుస్తూ నవ్వాడు. ఫిడేలు సగానికి వచ్చింది. గీత దగ్గర పడుతోంది. గడప మీదికి రెండు చేతులూ చాచాడు.

"నేనున్నాను... రా..."

అరచేతుల్లోకి చల్లటి బరువేదో వచ్చి వాలింది. ఒక్క క్షణం. తర్వాత ఆ బరువు ఆయన చేతుల మీదుగా లేచి, పక్కనుంచి దాటిపోయింది. పడలేదు. ముల్లు ఎగిరింది, ఇంకోసారి ఎగిరింది... కుర్చీ కిర్రుమంది. దిండు నెమ్మదిగా లోపలికి కుంగింది.

గడప దాటింది. కుర్చీ దాకా వచ్చింది. ఆయన గుండెల మీద ఇన్నాళ్ళ బండ దిగిపోయింది. "విను," అన్నాడు వినీ వినిపించనట్టు. "చివరిదాకా విను." గోడకి ఆనుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా, వంటింటి పక్కనే నిలబడిపోయాడు.

కిందెక్కడో లారీ వెళ్ళింది. గ్లాసులు గలగలలాడాయి. ముల్లు కదల్లేదు.

వట్టి ఇనుప కాళ్ళ మీద ముల్లు ఎందుకు ఎగరలేదో ఆయనకి వెంటనే తోచలేదు. తర్వాత మెట్ల మీద చిట్టి అడుగులు, అక్క అడుగుల్లాంటివే, ధబధబమంటూ వచ్చాయి. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. పలకలు అదిరాయి. ముల్లు కదల్లేదు.

"దీపమైనా వెయ్యకుండా ఏంటి బావా..."

"ష్. మెల్లగా."

ఆ మాట తన నోట విని తనే ఉలిక్కిపడ్డాడు. చిట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వంగి, కింద నుంచి ఏదో తీసి చూసింది.

"ఇదేంటి? నీ చెప్పుల మడమలు ఎవరు కోశారు?"

చిట్టి చేతిలో ఆయన నల్ల చెప్పులు. పొద్దున వేసుకెళ్ళి వచ్చి విడిచినవే. ఒక్కో మడమకి రెండేసి ముక్కలు, కొలిచి కోసినట్టు, శుభ్రంగా లేచిపోయి ఉన్నాయి. మేస్త్రి మెల్లగా స్టాండు వైపు చూశాడు. ఇనుప కాళ్ళ కింద నాలుగు రబ్బరు ముక్కలు. నల్లవి. కుర్చీ ముందు నీలం చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మడమలు నేలకి గట్టిగా ఆని ఉన్నాయి.

"బావా," చిట్టి గొంతు సన్నబడింది. "అలా నిలబడ్డావేం?"

"ఎలా?"

"వేళ్ళ మీద."

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. మడమలు రెండూ నేలకి బెత్తెడు పైన ఉన్నాయి. దించబోయాడు. పలక కిర్రుమంది. కుర్చీలోంచి, ఆయన అన్నట్టే, ఎవరో నాలుకతో "చ్" అన్నారు.

ఫిడేలు సాగుతూనే ఉంది. ఆయన గోడ పట్టుకుని, ఒంటి బరువంతా వేసి, ఇంకోసారి నొక్కాడు. ఎంత నొక్కినా మడమ నేలకి ఆనలేదు.